ఆర్కెస్ట్రా నేర్చుకుంటానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాడు. తర్వాత కీబోర్డు పట్టి లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత పరీక్షల్లో నాలుగో గ్రేడు దాకా వచ్చాడు. ఇప్పుడు ఎప్‌సెట్ కోచింగ్ మానేసి మ్యూజిక్ థియరీ, ఆర్కెస్ట్రేషన్ నేర్చుకుంటానంటున్నాడు. సినిమాలకు పనిచేస్తాడట. అసలు అందులో ఏముంటుంది? దాంతో బతకగలడా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కొత్తపేట, హైదరాబాద్

జవాబు: అమ్మా, కోచింగ్ మానొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. థియరీ మొదటి మెట్లకు రోజూ ముప్పావుగంట చాలు.

గాత్రం నేర్చిన పిల్లాడికి ఇందులో సగం పాత చుట్టరికమే. పిచ్ అంటే స్వరస్థానం. టెంపో అంటే నడక. మనం విలంబ, మధ్యమ, ద్రుత కాలాలన్నట్టే వాళ్లు లార్గో, అండాంటే, అలెగ్రో అని ఇటాలియన్ మాటలు రాస్తారు. మేజర్ స్కేల్ మన శంకరాభరణం, హార్మోనిక్ మైనర్ మన కీరవాణి. గమకాలు పక్కన పెడితే స్వరాలు అవే. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లిష్ బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టిన నోట్టుస్వరాలు మీవాడూ ఒకటో రెండో పాడే ఉంటాడు.

కొత్తది హార్మొనీ. మన పాటలో స్వరం వెంట స్వరం నడుస్తుంది. అక్కడ స, గ, ప మూడూ ఒక్కసారే మోగుతాయి, దాన్ని కార్డ్ అంటారు. అంతర గాంధారం పెడితే మేజర్, సాధారణ గాంధారం పెడితే మైనర్. ఇంకో కొత్త సంగతి, అయిదు గీతల మీద రాసింది చూసి వాయించడం. మన పిల్లలు చెవితో ఇట్టే పట్టేస్తారు, కాగితం పెడితే బెదురుతారు. ట్రినిటీలో థియరీ పాసవకపోయినా పై ప్రాక్టికల్ గ్రేడులకు వెళ్లొచ్చు కాబట్టి దాన్ని వాయిదా వేస్తూ పోతారు. ఏబీఆర్‌ఎస్‌ఎం అనే ఇంకో బ్రిటిష్ సంగీత పరీక్షల బోర్డులో అలా కుదరదు. ఆరో గ్రేడుకు ముందు ఐదో గ్రేడు థియరీ గానీ, దానికి బదులు వాళ్లు ఒప్పుకునే పరీక్ష గానీ ఉండాలి. మీవాడు ట్రినిటీలోనే ఉన్నా సరే, ఐదో గ్రేడు థియరీ రాయించండి.

ఇక వాద్యాల సంగతి. నాట్యశాస్త్రం తత, సుషిర, అవనద్ధ, ఘన అని నాలుగు రకాలు చెప్పింది: తీగవి, ఊదేవి, చర్మం బిగించినవి, లోహపువి. ఆర్కెస్ట్రాలోనూ కుటుంబాలు నాలుగే, పంపకమే వేరు. వయొలిన్, వియోలా, చెల్లో, డబుల్ బేస్ తీగ కుటుంబం. చర్మానివీ లోహానివీ కలిసి పర్కషన్. ఊదేవి మాత్రం రెండుగా చీలాయి. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ వుడ్‌విండ్. హార్న్, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా బ్రాస్. పేర్లు చూసి మోసపోవద్దు. ఇప్పటి ఫ్లూట్ లోహంతో చేసినదైనా వుడ్‌విండే. ఇత్తడి సాక్సఫోన్ కూడా అంతే, ఎందుకంటే దాన్ని పలికించేది రీడు, అంటే ఊదితే అదిరే పలచటి రెల్లు ముక్క. బ్రాస్‌లో శబ్దం పుట్టేది వాయించేవాడి పెదవుల అదురులో. మన సన్నాయిలో ఉన్నట్టు ఓబోలోనూ జంట రీడు ఉంటుంది. బరాత్ బ్యాండులో క్లారినెట్, ట్రంపెట్ పక్కపక్కనే నడిచినా ఇంటిపేర్లు వేరు.

ఇదంతా ఎందుకంటే, కీబోర్డులో ట్రంపెట్ టోన్‌కి ఊపిరి అక్కర్లేదు. ఒకబ్బాయి సొంత ట్యూన్ తెచ్చి వినిపించాడు. అందులో ట్రంపెట్ నిమిషంన్నర ఆగకుండా మోగింది. ‘ఊదేవాడు బతికే ఉంటాడా నాన్నా?’ అన్నాను. కీబోర్డు మధ్యలో ఉండే సి స్వరానికి కిందున్న జి కంటే వయొలిన్ దిగదని కూడా అతనికి తెలియదు. ఏ వాద్యం ఏం వాయించగలదో తెలిసి దేనికది రాయడం, మీవాడు ఆర్కెస్ట్రేషన్ అంటున్నది ఈ విద్యనే.

బతుకుతెరువు మాటకొస్తే, ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించే ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దు. ముంబయిలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా లాంటిది మన ఊళ్లో లేదు. పైగా ఆర్కెస్ట్రాలో కీబోర్డుకు పని తక్కువ. సినిమాల్లో అయితే కంప్యూటర్‌లో వాద్యాల శబ్దాలు కూర్చే ప్రోగ్రామర్, ట్యూన్‌లో ఏ వాద్యం ఎక్కడ మోగాలో అమర్చే అరేంజర్ పనులున్నాయి. డబ్బు పాటకింతని వస్తుంది, ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. కొందరు సంగీత దర్శకులు హంగేరీలోని బుడాపెస్ట్ వెళ్లి ఆర్కెస్ట్రాతో రికార్డు చేసుకొస్తున్నారు. అక్కడి వాళ్ల ముందు పెట్టే నోటేషన్ ఎవరో ఒకరు తప్పుల్లేకుండా రాయాలి కదా. కాగితం మీద రాయగలిగినవాళ్లు మన దగ్గర తక్కువ కాబట్టి నాకు అక్కడే ఆశ కనిపిస్తోంది. ఇంటర్నేషనల్ స్కూళ్లలో టీచర్ ఉద్యోగాలూ చూడొచ్చు. పూర్తిగా ఇదే చదవాలంటే చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. కానీ ఈ ఏడు తొందరపడొద్దు. ఎప్‌సెట్ రాయనివ్వండి, హైదరాబాద్‌లోనే ఏదో ఒక డిగ్రీలో చేరనివ్వండి.

పరీక్షలయ్యాక వేసవిలో ఒక పని అప్పజెప్పండి. తనకు బాగా వచ్చిన ఒక గీతం తీసుకుని రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లోకి విడివిడిగా రాయమనండి. సాఫ్ట్‌వేర్ వద్దు, పెన్సిలే. వియోలాకు ఆల్టో క్లెఫ్‌లో, అంటే అయిదు గీతల్లో నడిమి గీతను మధ్య సి అనుకుని రాయాలి, అక్కడ చెమటలు పడతాయి, పట్టనివ్వండి. రాసింది ఎవరైనా వయొలిన్ మాస్టారికి చూపించి, వాయించడానికి వీలుగా ఉందో లేదో అడగమనండి. రెండు నెలల్లో పూర్తిచేస్తే ఆ కాగితాలు తీసుకుని ఇద్దరూ రండి. కీబోర్డు తేనక్కర్లేదు.