కొవ్వంతా లిపిడే, లిపిడంతా కొవ్వు కాదు

సందేహం: మా అమ్మాయి ఇంటర్ జీవశాస్త్రం నోట్సులో 'ఫాస్ఫోలిపిడ్లు కణంలో శక్తిని నిలవ చేసే క్రొవ్వులు' అని ఉంది. క్రొవ్వా, కొవ్వా? వీటిని 'భాస్వర కొవ్వులు' అని తెలుగు చేయవచ్చా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, రెండు రూపాలూ ఒప్పే. క్రొవ్వు పాతది, కొవ్వు నేటిది. ప్రొద్దు పొద్దయినట్టు, క్రింద కింద అయినట్టు, క్రొత్త కొత్త అయినట్టు ఇదీ మారింది. 'క్రొవ్వు'లోని రేఫ పండితులు తెచ్చి తగిలించిన అలంకారమని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. తమిళంలో పొళుదు ఉన్నచోట మనకు ప్రొద్దు ఉంది, కీళ్ ఉన్నచోట క్రింద ఉంది, కొళుప్పు ఉన్నచోట క్రొవ్వు ఉంది. తమిళులు నాలుక మడిచి పలికే ఆ ళకారమే మన వైపు రేఫగా మారి, ముందున్న హల్లును అంటిపెట్టుకుంది. కన్నడంలో ఇదే మాట కొబ్బు. ఇంత పాత రేఫను తప్పు అనకూడదు. అలాగని ఇవాళ వచనంలో క్రొవ్వు అని రాయాల్సిన పనీ లేదు.

ఈ ధాతువు అర్థం ఇంకా గట్టిది. తమిళంలో 'కొళు' అంటే ఏపుగా పెరగడం, బలియడం. సారవంతమైన నేలకూ ఆ మాటే వాడతారు. అంటే కొవ్వు అనే మాటలో మొదటినుంచీ ఉన్న భావం సమృద్ధి: అవసరం తీరాక మిగిలి, ఒంట్లో చేరినది. పొగరు అనే అర్థమూ అందులోంచి వచ్చిందే. కొవ్వొత్తిలో ఇవాళ పారఫిన్ మైనమే ఉన్నా, మాట పాత పశువుల కొవ్వుదే.

ఇక నోట్సులోని వాక్యం. లిపిడ్లు అంటే నీటిలో కరగని, నూనె తరహా పదార్థాల ఉమ్మడి పేరు. కొవ్వు వాటిలో ఒక రకం. శాస్త్రం ట్రైగ్లిసరైడ్ అనేదే అచ్చంగా మన కొవ్వు. గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు తగులుకుని ఉంటాయి. గ్రాముకు సుమారు 9 కిలోకేలరీల శక్తి ఇస్తుంది, పిండిపదార్థం ఇచ్చేది 4. తిన్నది మిగిలితే పెరుగుతుంది, పస్తుంటే కరుగుతుంది. ఫాస్ఫోలిపిడ్‌లో కొవ్వు ఆమ్లాలు రెండే. మూడో చోట ఫాస్ఫేట్, దానికి కోలిన్ వంటి మరో ముక్క ఉంటాయి. ఆ తల నీటిని కోరుతుంది, రెండు తోకలు నీటికి దూరంగా పోతాయి. అందువల్ల నీటిలో ఇవి తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని రెండు వరుసలుగా సర్దుకుంటాయి. సుమారు 5 నానోమీటర్ల మందమున్న ఆ జంట వరుసే కణత్వచానికి, అంటే కణపు పైపొరకు, ఆధారం. ఈ జంట వరుస సంగతిని 1925లోనే ప్రతిపాదించారు. పస్తున్న మనిషిలో నిలవ కొవ్వు కరిగిపోతున్నా, ఈ పొరలను శరీరం చాలావరకు కాపాడుకుంటుంది. పొరే పోతే కణం ఉండదు కదా. ఆ వాక్యం తప్పిందల్లా ఇక్కడే.

పొరపాటు ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. రెండూ కణంలో ఒకే దారిన తయారవుతూ వచ్చి, డైఎసైల్‌గ్లిసరాల్ (గ్లిసరాల్‌కు రెండు కొవ్వు ఆమ్లాలు మాత్రమే తగులుకున్న దశ) దగ్గర విడిపోతాయి. అక్కడ మూడో కొవ్వు ఆమ్లం చేరితే ట్రైగ్లిసరైడ్, కోలిన్ తల చేరితే ఫాస్ఫోలిపిడ్. పైగా కణంలోని కొవ్వు బొట్టు చుట్టూ ఉండే కవచం ఫాస్ఫోలిపిడ్లదే. లోపల ఉన్నది నీరు కాదు, నూనె. కాబట్టి అక్కడ ఒక్క వరుసే చాలు. నిలవ ఉన్న సరుకు వేరు, దాన్ని చుట్టిన పొర వేరు. పాలలోని కొవ్వు బొట్లకూ ఇలాంటి పొర ఉంటుంది. కవ్వం ఆడించినప్పుడు అది చిరిగి కొవ్వంతా వెన్నగా ఒక్కటవుతుంది, పొర తునకలు చాలావరకు మజ్జిగలోకి పోతాయి. అందుకే వెన్న కాచిన నెయ్యి దాదాపు అంతా ట్రైగ్లిసరైడే. కొవ్వు అని నిస్సంకోచంగా పిలవదగ్గది అది.

'భాస్వర కొవ్వు' నాకు సమ్మతం కాదు. కొవ్వు అనగానే నిలవ అనే భావం వచ్చి పడుతుంది. భాస్వరం మూలకం పేరు, ఇక్కడున్నది ఫాస్ఫేట్. రైలునీ బస్సునీ కలుపుకున్న భాష లిపిడ్‌ను కలుపుకోలేదా? కాకపోతే 'లిపిడ్స్ ఉంటాయి' అనే రాత మానాలి. మాట మనదయ్యాక బహువచనమూ మనదే కావాలి: లిపిడ్లు. పత్రికల్లో 'మంచి కొవ్వు, చెడు కొవ్వు' అని హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్‌ల గురించి రాయడం మరీ అన్యాయం. అవి రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువులు. వాటి పైపొర కూడా ఫాస్ఫోలిపిడ్లతో అయినదే.

అయినా శక్తితో వీటికి సంబంధమే లేదని కొట్టిపారేయను. కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లను తనంతట తాను దాటనివ్వదు. అందుకే పొరకు అటూ ఇటూ తేడా పేరుకుంటుంది. ఆ తేడాతోనే కణం పనులకు వాడుకునే శక్తి అణువు ఏటీపీ తయారవుతుంది. ఆ పొరలో కార్డియోలిపిన్ అనే ప్రత్యేకమైన ఫాస్ఫోలిపిడ్ ఉంది. కాబట్టి మీ అమ్మాయిని ఇలా మార్చుకోమనండి: 'ఫాస్ఫోలిపిడ్లు కణపు పొరలను నిర్మించే లిపిడ్లు, శక్తిని నిలవ చేసేది ముఖ్యంగా ట్రైగ్లిసరైడ్లు.' 'ముఖ్యంగా' అన్న మాట తీసేయవద్దు, అవసరమైతే ఫాస్ఫోలిపిడ్లలోని కొవ్వు ఆమ్లాలనూ కణం విడదీసి వాడుకోగలదు. 'కొవ్వులు' అనే బహువచనం రకాలను చెప్పేటప్పుడు, నూనెలు అన్నట్టుగా, చెల్లవచ్చు. మామూలుగా మాత్రం కొవ్వు ఏకవచనంలోనే బాగుంటుంది.