రెయిలింగ్‌కి పెట్టె తగిలించే ముందు

చి. పద్మకు బాబాయి ఆశీస్సులు.

మీ డెక్ (ఇంటికి ఆనించి ఎత్తుగా కట్టిన చెక్క అరుగు) రెయిలింగ్‌కి మొక్కలు వేసే చెక్క పెట్టె నువ్వే చేసుకుంటానన్నావు, సంతోషం. రంపం పట్టేముందు ఆ రెయిలింగ్‌ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడు. కదిలిందంటే ముందు దాని పని చూడాలి. మూడడుగుల పెట్టెలో ఇరవై లీటర్ల మట్టి పడుతుంది. నీళ్ళు పోశాక చెక్కతో కలిపి పాతిక కిలోల దాకా తూగుతుంది. అందుకే స్తంభానికి దగ్గరగా, డెక్ లోపలి వైపుకే తగిలించు. బయటికి వేలాడదీస్తే చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ కింద పిల్లలు ఆడుకుంటారు కదమ్మా.

డెక్ కింద పడున్న పాత పలకలు మాత్రం వద్దు. మీ ఇల్లు 1998లో కట్టింది. అప్పటి ట్రీటెడ్ చెక్కకు ఆర్సెనిక్ అనే విషం ఉన్న మందు పట్టించేవారు. అమెరికాలో ఇళ్ళ వాడకానికి దాన్ని 2003 చివరికి గానీ ఆపలేదు. నువ్వు వేసేదేమో కొత్తిమీర. ఆ పలకల్ని చలిమంటలో కూడా వెయ్యనివ్వకు, పొగ ఇంకా ప్రమాదం. కాస్త ఖరీదైనా సెడార్ అనే చెక్క కొనుక్కో, ఏ మందూ లేకుండానే తడిని ఓర్చుకుంటుంది.

షాపులో 1×8 అంగుళాలని అమ్మే పలక నిజానికి ముప్పావు అంగుళం మందం, ఏడుంపావు అంగుళాల వెడల్పు ఉంటుంది. 1×6 అయితే వెడల్పు అయిదున్నరే. కాగితం మీద లెక్క వేసుకుని కోస్తే ముక్కలు కలవవు, పలక తెచ్చాక టేపు పెట్టి కొలువు. పక్కలకు 1×8, అడుక్కి 1×6 సరిపోతాయి.

సెడార్ మెత్తని చెక్క, కొసల్లో ఇట్టే చీలుతుంది. ముందు సన్నగా బెజ్జం వేసి అప్పుడు స్క్రూ బిగించు. పలక కోసిన కొసలోకి దిగిన స్క్రూకి పట్టు తక్కువ. లోపల నాలుగు మూలల్లో బద్దెలు నిలబెట్టి, పక్క పలకల్ని వాటికి బిగిస్తే పెట్టె ఏళ్ళ తరబడి విడిపోదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకో. మామూలు ఇనుప స్క్రూలైతే తడి తగలగానే చెక్క మీద నల్లటి చారలు దిగుతాయి.

అడుగున ఆరేసి అంగుళాలకు ఒక అర అంగుళం చిల్లి పెట్టి, పైన దోమతెర ముక్క పరుచు. కంకర పొయ్యమని చాలామంది చెబుతారు, వినకు. నీళ్ళు దాని పైనున్న మట్టిలోనే ఆగిపోతాయి, వేళ్ళకు ఉన్న కాస్త చోటూ తగ్గుతుంది. పెట్టె వీపుకీ రెయిలింగ్‌కీ మధ్య వేలు దూరేంత సందు వదులు. అక్కడ గాలి ఆడకపోతే పెట్టె కంటే ముందు రెయిలింగే కుళ్ళుతుంది.

మట్టి పెరట్లోంచి తవ్వి తేకు, బరువెక్కి గట్టిపడుతుంది. కుండీలకు అమ్మే మిశ్రమమే పోసుకో. ఎండాకాలం రోజూ నీళ్ళు పోయాల్సిందే.

కొత్తిమీర, మెంతికూర హాయిగా వస్తాయి. పుదీనాకి వేరే పెట్టె పెట్టు, పక్కనున్నవాటిని బతకనివ్వదు. గోంగూర అడిగావు గానీ, ఆరంగుళాల మట్టిలో అంత ఎత్తు మొక్క గాలికి నిలవదు. దాన్ని నేలలోనే వేసుకో.

మీ రెయిలింగ్ చెక్కదో, లోపల డొల్లగా ఉండే ప్లాస్టిక్ రకం వినైల్‌దో ఒక ఫొటో పంపు. చెక్కదైతే బోల్టులు, వినైల్‌దైతే పైనుంచి తగిలించే కొక్కేలు. చూశాక సైజు చెబుతాను.

మీ బాబాయి