నైట్ డ్యూటీ దిగి లైబ్రరీ క్లాసుకా?

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. ఉద్యోగం చేస్తూనే పై చదువు చదువుతున్నాను. మంచం పట్టిన రోగులకు వీపు మీద, మడమల మీద పడే పుండ్ల గురించి ప్రాజెక్టు చేయాలి. వైద్య పరిశోధన వ్యాసాల జాబితా ఉండే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో వెతికితే ఒక రోజు వేలల్లో వ్యాసాలు వచ్చాయి, ఇంకో రోజు పదకొండే. విసుగొచ్చి ఏఐని అడిగాను. అది ఐదు వ్యాసాల పేర్లు ఇచ్చింది. వాటిలో రెండు ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడేమో మా లైబ్రరీలో రెండు గంటల శిక్షణకు తప్పక రావాలంటున్నారు. కంప్యూటర్ వాడటం నాకు బాగానే వచ్చు. అక్కడ కొత్తగా ఏం నేర్పుతారు మేడమ్?

జవాబు: ముందుగా, నైట్ డ్యూటీ దిగి మాత్రం వెళ్లకండి. వేరే రోజు ఇమ్మని అడగండి. వైద్య గ్రంథాలయంలో ఇన్నేళ్లు పనిచేశాను కానీ, నిద్రకళ్లతో కూర్చున్నవాళ్లకు నేను నేర్పగలిగిందేమీ లేదు.

ఆ రెండు వ్యాసాలు దొరకకపోవడం మీ చేతకానితనం కాదు. బహుశా అసలు అవి లేనే లేవు. రచయితల పేర్లు, పత్రిక, సంవత్సరం, పేజీ సంఖ్యలు అన్నీ అచ్చం నిజమైనవాటిలాగే అల్లి ఇవ్వడం ఏఐకి అలవాటు. ఇలాంటి జాబితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. లేని వ్యాసం లేదని తేల్చడానికి నాకు ఒక పూట పడుతుంది!

ఇక వేలు, పదకొండు సంగతి. మీ వార్డులో ఆ పుండును బెడ్ సోర్ అంటారు కదా. పాత పుస్తకాల్లో అది డెక్యుబిటస్ అల్సర్. తర్వాత ప్రెషర్ అల్సర్ అయింది. 2016లో అమెరికాలో ఈ పుండ్ల కోసమే ఉన్న సలహా మండలి దాన్ని ప్రెషర్ ఇంజురీ అని మార్చింది. పుండు ఒకటే, పేర్లు నాలుగు. ఈ చిక్కు విప్పడానికే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో మెష్ అనే పదపట్టిక తెచ్చింది. రచయిత ఏ పేరు వాడినా వ్యాసాన్ని ఒకే శీర్షిక కింద చేరుస్తారు. మామూలుగా మీరు ఒక పేరు కొడితే పబ్‌మెడ్ ఆ శీర్షికను తానే కలుపుకుంటుంది. మాటలకు కొటేషన్ గుర్తులు పెడితే మాత్రం ఆ సాయం ఆగిపోతుంది. పదకొండే వచ్చిన రోజు మీరు ఆ గుర్తులు పెట్టి ఉంటారని నా అనుమానం.

అలాగని మెష్‌నే నమ్ముకోకూడదు. పబ్‌మెడ్‌లోని వ్యాసాలన్నిటికీ ఆ శీర్షికలు ఉండవు. శీర్షికనూ నాలుగు పేర్లనూ ‘ఆర్’తో కలపండి, అంటే వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాసం వస్తుంది. ఆ గుంపును ‘యాండ్’తో పరుపులకో, రోగిని పక్కకు తిప్పడానికో జత చేయండి, అప్పుడు రెండూ ఉన్నవే వస్తాయి. ఫలానా మాట ఉన్నవి వద్దనే ‘నాట్’ జోలికి పోకండి. కొత్తలో ఒక డాక్టరుగారు పెద్దల మీద పరిశోధనలు కావాలంటే, పిల్లలు వద్దని ‘నాట్’ పెట్టి వెతికి ఇచ్చాను. పెద్దలూ పిల్లలూ కలిసి ఉన్న వ్యాసాలన్నీ కొట్టుకుపోయాయి. ఆయనే కనిపెట్టి, ఏమీ అనకుండా కాగితం నా ముందు పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

వెతకడమంటే అంత పట్టింపు ఎందుకంటారా? 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం గురించి జరిగిన పరిశోధనలో, హెక్సామెథోనియం అనే మందు పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. పరిశోధకుడు వెతకకపోలేదు, పబ్‌మెడ్‌లో చూశాడు. కానీ అప్పట్లో అందులో 1966కు ముందు వ్యాసాలు లేవు. ఆ మందు వల్ల ఊపిరితిత్తులకు హాని కలగవచ్చని 1950లలోనే అచ్చయి ఉంది. ఏ పెట్టెలో వెతుకుతున్నాం, అది ఎంత వెనక్కి వెళుతుంది అనేది క్లాసులో తప్పకుండా అడగండి.

నిజానికి రెండు గంటల్లో ఎక్కువ సేపు ప్రశ్న మీదే గడవాలి. బటన్లు చూపించి పంపేస్తే అది శిక్షణ కాదు. ‘పుండ్ల నివారణ’ అనేది ప్రశ్న కాదు, అధ్యాయం పేరు. ఐసీయూలో కదలలేని రోగిని రెండు గంటలకొకసారి తిప్పితే, నాలుగు గంటలకొకసారి తిప్పినదానికంటే పుండ్లు తగ్గుతాయా? ఇది ప్రశ్న. రోగి ఎవరు, ఏం చేస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏం ఆశిస్తున్నాం అన్నీ ఇందులో ఉన్నాయి. క్లాసులో దీన్నే పికో అంటారు.

కాబట్టి ఖాళీ చేతులతో వెళ్లకండి. మీ ప్రశ్న ఒక కాగితం మీద రాసుకోండి. మీ గైడు ఇదివరకే చదవమన్న మంచి వ్యాసం ఒకటి దగ్గర ఉంచుకోండి. క్లాసులో సెర్చ్ తయారయ్యాక, ఆ వ్యాసం అందులో పడిందో లేదో చూడండి. పడలేదా, ఏ పేరు మరిచిపోయారో లైబ్రేరియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి.