డ్రైవర్ తప్పా, ఆఫీసు ఫోన్ తప్పా?

ప్రశ్న: మా కంపెనీలో 40 వ్యాన్లు తిరుగుతాయండీ, అన్నిటికీ జీపీఎస్ పెట్టించాం, స్పీడ్ దాటితే ఫైన్ కూడా వేస్తున్నాం, అయినా నెలకి రెండు మూడుసార్లు ఎక్కడో అక్కడ గుద్దేస్తున్నారు. ఇంకేం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ ఫైన్లు ఆపండి సార్. ఫైన్ భయంతో డ్రైవర్లు చిన్న చిన్న గీతలు, వెంట్రుకవాసిలో తప్పినవి మీకు చెప్పడం మానేస్తారు, అసలు మీకు తెలియాల్సింది అవే. తర్వాత యాక్సిడెంట్ అయిన టైమూ మీ ఆఫీసు నుంచి వెళ్లిన కాల్స్ టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. "ఎక్కడున్నావ్, ఇంకెంతసేపు" అని మనమే ఫోన్ చేస్తాం, మళ్లీ బండి నడుపుతూ ఫోన్ ఎత్తాడని మనమే తిడతాం! గంటకి 80 కిలోమీటర్ల స్పీడ్‌లో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, రెండు సెకన్లు స్క్రీన్ చూశాడంటే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. హ్యాండ్స్‌ఫ్రీ ఉందిగా అంటారేమో, చేతులు ఖాళీయే గానీ బుర్ర ఖాళీ కాదు కదా. అయినా జీపీఎస్‌లో బండి కనిపిస్తూనే ఉంటే ఇంక కాల్ దేనికి?

నిద్ర సంగతి కూడా చూడండి. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య, మళ్లీ మధ్యాహ్నం భోజనం అయ్యాక రెప్పలు వాటంతటవే వాలిపోతాయి, ముఖం కడుక్కుంటే పోయేది కాదది, బండి పక్కన ఆపి 20 నిమిషాలు కునుకు తియ్యమనండి, లేటయిందని మాత్రం అడక్కండి.