తుఫాను వేళ వాకీటాకీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటాక మా ఊళ్లో కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. పక్క పేటలో ఎవరికేమైందో తెలియాలంటే చెట్లు దాటుకుంటూ మనిషి వెళ్లాల్సి వచ్చింది. కుర్రాళ్లం చందా వేసుకుని 5 వాట్ల వాకీటాకీలు ఆన్‌లైన్‌లో కొందామనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉందా? (కవిటి మండలం)

జవాబు: ఉంది. 5 వాట్ల సెట్టు లైసెన్సు లేకుండా వాడకూడదు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని చేతి సెట్లకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు చిన్న ఫ్రీక్వెన్సీ పట్టీ ఒకటి కేటాయించారు. ఆ సెట్లు అర వాటు మించవు, యాంటెన్నా విప్పడానికి ఉండదు. వాటికైనా ప్రభుత్వ ఆమోదం, అంటే ఈటీఏ ఉండాలి. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు వివరాలు చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మకూడదని 2025 మేలో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అమ్మకం పేజీలో ఆ రెండూ కనబడకపోతే కొనకండి.

ఊరి మొత్తానికి అర వాటు సెట్లు నాలుగైదు కొనుక్కుని, మీలో ఇద్దరు ముగ్గురు హ్యామ్ లైసెన్సు, అంటే ఔత్సాహిక రేడియో లైసెన్సు తీసుకుంటే మంచిదని మా సలహా. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయొచ్చు. అందులో కింది మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సు కోడ్ అక్కర్లేదు. రేడియో సాంకేతిక అంశాలు, నిబంధనలు, ఈ రెండింటి మీదే ప్రశ్నలుంటాయి. దరఖాస్తు కేంద్ర టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో. లైసెన్సుతో పాటు కాల్‌సైన్, అంటే రేడియోలో మీ గుర్తింపు పేరు వస్తుంది, అప్పుడు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌లో 5 వాట్ల సెట్టు నిశ్చింతగా వాడొచ్చు. అక్టోబరులో గాలివాన కబురు వచ్చాక మొదలుపెడితే ఇవేవీ అందవు. వేసవిలోనే కదలండి.

ప్రశ్న: డబ్బా మీద 10 కిలోమీటర్లు అని రాశాడు. మా కొబ్బరి తోటల్లో 2 కిలోమీటర్లు కూడా రావడం లేదు. సెట్టు పాడైందా? (సోంపేట)

జవాబు: సెట్టు బాగానే ఉంది. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళ్తాయి. లెక్క కావాలంటే, నేల నుంచి యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణించండి. అన్ని కిలోమీటర్ల దూరంలో దిగంతం వస్తుంది. చేతిలో సెట్టు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే 5 కిలోమీటర్లు. ఇద్దరిదీ కలిపితే 10. డబ్బా మీది అంకె అలా పుట్టిందే. కానీ అది బీచ్‌లోనో, ఖాళీ పొలంలోనో వస్తుంది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో తడి ఆకులూ మానులూ తరంగాన్ని మింగేస్తాయి, ముఖ్యంగా 446 పట్టీని.

వాట్లు పెంచితే దిగంతం జరగదు, ఎత్తు పెంచితే జరుగుతుంది. 9 మీటర్ల ఎత్తున్న తుఫాను షెల్టరు డాబా మీద మనిషి నిలబడితే అతని దిగంతం 12 కిలోమీటర్లు దాటుతుంది. కింద ఉన్నవాడి 5 కలిపితే 17. తోటలు అందులో చాలా తినేసినా, రెండు పేటల మధ్య మాట అటూ ఇటూ అందించడానికి డాబా మీది మనిషి చాలు. ఆ మనిషి ఎవరో, అతని బదులు ఎవరో ముందే పేర్లు రాసుకోండి. గాలి పూర్తిగా తగ్గాకే ఎక్కాలి. తుఫాను కన్ను మీదుగా వెళ్తే ఉన్నట్టుండి గాలి ఆగుతుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో ఎవరూ పైకి వెళ్లకూడదు. ఉరుములున్నా అంతే.

హ్యామ్ సెట్టు ఉన్నవాళ్లకు ఖర్చు లేని ఉపాయం ఒకటి. 145 మెగాహెర్ట్జ్‌కు 49 సెంటీమీటర్ల మెత్తటి తీగ కత్తిరించి, యాంటెన్నా మొదట్లో ఉన్న లోహపు రింగుకు తగిలేలా చుట్టి కిందికి వేలాడదీయండి. పొట్టి రబ్బరు యాంటెన్నాకు లేని రెండో సగం ఆ తీగ అవుతుంది. అవతలివాళ్లకు గరగర తగ్గి మాట తేటపడుతుంది. తీగ రింగుకు బదులు మధ్య పిన్నుకు తగిలితే సెట్టుకే ప్రమాదం, చూసి కట్టండి. ఇంకొకటి, సెట్టు నడుముకు తగిలించుకుని మాట్లాడొద్దు. ఒళ్లే అడ్డమవుతుంది.

ప్రశ్న: కరెంటు వారం రాకపోతే బ్యాటరీ ఎలా? (వజ్రపుకొత్తూరు మండలం)

జవాబు: రోజంతా ఆన్‌లో పెట్టకండి. 1,800 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న 5 వాట్ల సెట్టు ఎక్కువ వినడం, తక్కువ మాట్లాడటం పద్ధతిలో సుమారు 10, 12 గంటలు వస్తుంది. ప్రతి గంటకూ మొదటి 10 నిమిషాలే అందరూ ఆన్ చేస్తే రోజుకు 4 గంటలే ఖర్చు, అదే బ్యాటరీ రెండున్నర, మూడు రోజులు లాగుతుంది. గడియారాలు ముందే ఒకటిగా పెట్టుకోవాలి. దగ్గరి వాళ్లతో తక్కువ పవర్‌లో మాట్లాడండి. అదనపు బ్యాటరీ ఒకటి, ఆటో లేదా ట్రాక్టరు బ్యాటరీ నుంచి చార్జి చేసే తీగ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. చార్జరు ఎన్ని వోల్టులు అడుగుతోందో దాని అడుగున చూసి, సరిపోయే అడాప్టరే కొనాలి. దాచేటప్పుడు సగం చార్జితో, చల్లటి చోట.

ప్రశ్న: ఇదే సెట్టు వేటకు బోటులో తీసుకెళ్లొచ్చా? (భావనపాడు)

జవాబు: వద్దు. సముద్రంలో ఆపద పిలుపు 16వ చానెల్, 156.8 మెగాహెర్ట్జ్. ఓడలూ కోస్ట్‌గార్డూ వినేది అక్కడే. దానికి మెరైన్ వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే ఓడలూ బోట్లూ వాడే రేడియో కావాలి, దాని లైసెన్సు వేరు. పిలుపు ఇలా: "మేడే" మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, జీపీఎస్ స్థానం, ఏమైంది, ఎంతమంది ఉన్నారు, ఓవర్. ఫోన్ సిగ్నలు ఉంటే కోస్ట్‌గార్డు నంబరు 1554.

ప్రశ్న: పరీక్షగా వాడితే ఒకరిది ఒకరికి వినబడలేదు, వినబడ్డవీ తప్పుగా రాసుకున్నాం. (ఇచ్ఛాపురం)

జవాబు: చానెల్ ఒకటే అయినా వినబడకపోతే ముందు టోన్, అంటే మాటతో పాటు సెట్టు పంపే, మనకు వినబడని గుర్తు శబ్దం చూడండి. ఒక సెట్టులో వినే టోన్ పెట్టి ఉండి, ఇంకొకటి ఆ టోన్ పంపకపోతే, తరంగం వస్తున్నా స్పీకరు నోరు విప్పదు. అన్ని సెట్లలో టోన్ తీసేయండి, మీటలు లాక్ చేయండి, రెండు చానెళ్లు వినే డ్యూయల్ వాచ్ ఆపండి. లేదంటే జవాబు వేరే చానెల్‌లో పోతుంది.

పీటీటీ, అంటే మాట్లాడటానికి నొక్కే మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. వెంటనే మొదలుపెడితే మొదటి అక్షరాలు తెగుతాయి, "రావొద్దు"లో ఏ ముక్క తెగినా ఎంత ముప్పో ఆలోచించండి. నోటికి నాలుగు వేళ్ల దూరం, మామూలు గొంతు. అరిస్తే మాట పగులుతుంది.

అంకెల దగ్గరే తప్పులు ఎక్కువ. గరగరలో ఇరవై, అరవై ఒకేలా వినబడతాయి. అందుకే "ఆరు, సున్నా" అని విడివిడిగా పలకండి. కబురు ముందే కాగితం మీద రాసుకోండి: ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎంతమంది, ఏం కావాలి. విన్నవాళ్లు మొత్తం తిరిగి చదివి వినిపించాలి, పంపినవాళ్లు "సరి" అన్నాకే కబురు అందినట్టు. తప్పుంటే ఆ ముక్క ఒక్కటే మళ్లీ చెప్పండి.