తోడల్లుడి కొడుకు వీపీ అయ్యాడు, మా అమ్మాయి ఎప్పుడవుతుంది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. వాళ్లమ్మాయి బీకాం ఆనర్స్ రెండో ఏడు చదువుతోంది, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ అవుతానంటోంది, అంటే కంపెనీలకు షేర్లు అమ్మిపెట్టి డబ్బు తెచ్చే పని. తోడల్లుడి కొడుకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక విదేశీ బ్యాంకులో 31 ఏళ్లకే వైస్ ప్రెసిడెంట్ అయ్యాడట. పెద్ద బ్యాంకర్లు ఒక బ్యాంకు వదిలి ఇంకో బ్యాంకులో చేరినట్టు, మేనేజింగ్ డైరెక్టర్లు (ఎండీలు) అయినట్టు పేపర్లో వచ్చే వార్తలన్నీ ఈయన కత్తిరించి ఫైల్లో పెడుతున్నారు. సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణ పరీక్షలు) మంచిదా, ఎంబీఏనా? ఎండీ కావడానికి ఏది దగ్గరి దారి? ఎంబీఏ కోసం ఆదిభట్ల దగ్గరి ప్లాటు ఇప్పుడే అమ్మేయాలా? చివర్లో చిన్న అక్షరాలతో, "ఆడపిల్ల కదా, ఈ లైన్లో నిలబడగలదా?"

అయ్యా, ఒక మాట సూటిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తోడల్లుడి కొడుకు హోదా అందులో నాలుగు చోట్ల ఉంది. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, బ్యాలెన్స్ షీటు ముందు కూర్చుంటే హుషారొస్తుందో నిద్రొస్తుందో ఒక్క చోటా లేదు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడిగితే ఏం చెప్పాలన్నది మీ బెంగ. అది తప్పని అనను, తండ్రికి ఉంటుంది. కానీ ఆ బెంగతో ఇరవై ఏళ్ల పిల్లకు దారి గీయకండి.

వైస్ ప్రెసిడెంట్ అనగానే మనకు కంపెనీలో రెండో కుర్చీ అనిపిస్తుంది. ఈ బ్యాంకుల్లో మెట్లు వేరు. అనలిస్ట్, అసోసియేట్, ఆ తర్వాత వైస్ ప్రెసిడెంట్, దానిపైన డైరెక్టర్ లేదా ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్, ఆ పైన ఎండీ. అంటే వీపీ మధ్య మెట్టు. ఆరేడేళ్లు బాగా పనిచేసిన చాలామంది అక్కడికి చేరతారు. పైగా హైదరాబాద్‌లో గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్ లాంటి సంస్థల ఆఫీసుల్లో ఎక్కువ మంది చేసేది టెక్నాలజీ, ఆపరేషన్స్, రిస్క్ పనులు. హోదాల పేర్లు అవే, పని వేరు. ఆ అబ్బాయిని తక్కువ చేయడం లేదు. అది మంచి ఉద్యోగం, కష్టపడి తెచ్చుకున్నాడు. కానీ మీ అమ్మాయి అడుగుతున్నది ఆ ఉద్యోగమేనా? కంపెనీలను మార్కెట్‌కు తెచ్చే పని ముంబైలో జరుగుతుంది. మన గ్లాండ్ ఫార్మా 2020లో సుమారు 6,480 కోట్ల ఐపీఓకు (తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి) వచ్చినా, 2021లో కిమ్స్ ఆసుపత్రుల కంపెనీ వచ్చినా, కంపెనీ ఇక్కడిదే గానీ ఇష్యూ నడిపిన బ్యాంకర్లు ప్రధానంగా అక్కడివాళ్లు.

ఇక మీ ఫైలు సంగతి. ఆ వార్తలు చూసి ఇదేదో సీనియారిటీ లిస్టు అనుకుంటున్నారు. వీపీ దాకా ప్రమోషన్ పనిని బట్టి వస్తుంది. కంపెనీ లెక్కల మోడల్ తప్పు లేకుండా కట్టిందా, షేర్లు అమ్మేముందు కంపెనీ ఇచ్చే ప్రాస్పెక్టస్‌లో అంకెలు సరిచూసిందా, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తిందా, ఇవే చూస్తారు. ఆ తర్వాత కొలత మారిపోతుంది. ఏ కంపెనీ యజమాని డబ్బు అవసరమైనప్పుడు ముందు నీకు ఫోన్ చేస్తాడు, నీవల్ల బ్యాంకుకు ఏడాదికి ఎంత ఫీజు వచ్చింది అని అడుగుతారు. దానికి జవాబున్నా పైన కుర్చీ ఖాళీ ఉండాలి. గోల్డ్‌మన్‌లో కొత్త ఎండీల జాబితా రెండేళ్లకోసారి వస్తుంది. ఒకసారి తప్పితే మళ్లీ రెండేళ్లు. అందుకే చాలామంది వేరే బ్యాంకు పెద్ద హోదా ఇస్తామనగానే వెళ్లిపోతారు. అదీ ఎప్పుడు? బోనస్ చేతికొచ్చాక. పాత బ్యాంకు తర్వాత ఇస్తానని ఆపి ఉంచిన షేర్లు పోతే కొత్త బ్యాంకు ఆ లోటు పూడుస్తుంది. ఒక పెద్దాయన కదిలితే ఆయన కింద పనిచేసినవాళ్లలో ఒకరిద్దరు వెంట వెళ్తారు, వెనక మిగిలిన ఖాళీలో ఇంకొకరికి ప్రమోషన్ వస్తుంది. మీరు కత్తిరించిన వార్తల్లో చాలావాటి వెనక కథ ఇదే.

దీనికి మార్కెట్ గాలి కూడా తోడు. 2021లో ఐపీఓల జాతర. జొమాటో, నైకా, పేటీఎం అన్నీ ఆ ఏడాదే వచ్చాయి. పేటీఎం 18,300 కోట్ల ఇష్యూ, లిస్టయిన రోజే 27 శాతం పడింది. 2022కు గాలి తిరిగింది. అదే మనిషి, అదే తెలివి, అదే కష్టం. ముందటేడు అయితే ఎండీ, ఆ ఏడాది అయితే ఉద్యోగం నిలిస్తే చాలు. 2023లో క్రెడిట్ స్విస్‌ను యూబీఎస్ తీసుకున్నప్పుడు, ఇరవై ఏళ్లుగా కట్టుకున్న హోదాలతో ఉన్న మనుషులు ఒకే కుర్చీకి ఇద్దరయ్యారు. పదిహేనేళ్ల తర్వాతి ఎండీ కుర్చీని ఇప్పుడు లెక్కగట్టడం ఎవరివల్లా కాదు, నావల్లా కాదు.

అమీర్‌పేటలోనూ ఆన్‌లైన్లోనూ "ఆరు నెలల్లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్" అనే కోర్సుల గురించి మీరు అడగలేదు, కానీ తప్పకుండా మీ దాకా వస్తాయి. వాటి మీద నాకు నమ్మకం లేదు. సిలబస్ తెరిచి చూడండి: ట్రేడ్ సెటిల్‌మెంట్, కేవైసీ, రీకన్సిలియేషన్. అవి ఆపరేషన్స్ ఉద్యోగానికి పనికొస్తాయి, ఆ మాట చెప్పి అమ్మితే నాకే అభ్యంతరం లేదు. పోయినేడు ఒక అబ్బాయి నా ముందు కూర్చుని సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాడు. తల్లి గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. "సార్, డీసీఎఫ్ అంటే ఏంటి?" అని అడిగాడు. ఒక కంపెనీ విలువ కట్టే మొదటి లెక్క అది. వాడి తప్పు కాదు, వాడికెవరూ నేర్పలేదు. దయచేసి ఆ గేటు తొక్కకండి.

ఆడపిల్ల నిలబడుతుందా అన్నారు. నైనా లాల్ కిద్వాయ్ సీఏ చేసి, 1982లో హార్వర్డ్ నుంచి ఎంబీఏ తెచ్చుకుని, తర్వాత హెచ్ఎస్‌బీసీ ఇండియా నడిపారు. ఫల్గుణి నాయర్ కోటక్‌లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో ఎండీగా ఉండి, యాభైకి దగ్గరపడుతున్న వయసులో, 2012లో ఆ కుర్చీ వదిలి నైకా పెట్టారు. ఆడవాళ్లు నిలబడతారా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. ముంబైలో అద్దె గది, రాత్రి పదకొండుకు ఆఫీసు నుంచి క్యాబ్, పండక్కి దొరకని సెలవు. ఇవి మగపిల్లాడికైనా కష్టమే. "ఎందుకమ్మా ఈ తిప్పలు, వచ్చేయ్" అని మీరు ప్రతి ఆదివారం ఫోన్ చేయకుండా ఉండగలరా? నేను నిలబడని అమ్మాయిలకన్నా, ఇంటివాళ్లు వెనక్కి లాగిన అమ్మాయిల్నే ఎక్కువ చూశాను.

సీఎఫ్ఏనా ఎంబీఏనా? పరీక్షల వివరాలు మీకు తెలుసు, మళ్లీ చెప్పను. సీఎఫ్ఏ రీసెర్చ్‌కు, ఫండ్ మేనేజ్‌మెంట్‌కు బాగా పనికొస్తుంది. డీల్స్ వైపు మన దేశంలో తలుపు తెరిచేది ఎక్కువగా పేరున్న ఐఐఎం లాంటి చోటి ఎంబీఏ, లేదా మీరు అడగని సీఏ. బీకాంలో 55 శాతం వస్తే సీఏ తొలి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లోకి వెళ్లొచ్చు, 2023 కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) కూడా రెండేళ్లే. మీ అమ్మాయి విషయంలో నా మొగ్గు అటే. ఐపీఓ దగ్గరికి వెళ్లలేకపోయినా చేతిలో చదువు ఉంటుంది, ఈ ఊళ్లోనే బతుకుతుంది.

ప్లాటు అమ్మకండి. కంగారు లేదు. ఎంబీఏ వెళ్లేది రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక, మంచి కాలేజీలో సీటొస్తే బ్యాంకులు పిలిచి అప్పిస్తాయి.

ఈలోపు ఒక పని చేయండి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్లో కిమ్స్ ప్రాస్పెక్టస్ ఉంది, ఉచితంగానే, వందల పేజీలు. అమ్మాయిని చదవమనండి. ఆ ఆసుపత్రికి డబ్బు ఎక్కడ వస్తోంది, అప్పు ఎంత, వచ్చిన సొమ్ము ఎందుకు వాడతానంటోంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాయమనండి. మూడో రోజుకి కూడా ఆసక్తి పోకపోతే ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి. తను ఒక్కతే వచ్చినా సరే.