బుజ్జీ, ముందు సూదిమొన సంగతి చూడు

అమలాపురం

బుజ్జీ,

కాకినాడలో నువ్వు కూర్చబోయే టెరాహెర్ట్జ్ ఎస్టీఎం గురించి అడిగావు. ఎస్టీఎం అంటే సూదిమొనకీ లోహానికీ మధ్య సందు దాటి ఎలక్ట్రాన్లు దూకితే (అదే టన్నెలింగ్) వచ్చే కరెంటుతో అణువులంత చిన్నవాటిని చూపే మైక్రోస్కోపు. ఆ కరెంటును పెంచే యాంప్లిఫయర్ కిలోహెర్ట్జ్ దగ్గరే ఆయాసపడుతుంది, పికోసెకను ఊసు దానికి తెలీదు. వేగమంతా లేజరుతో పుట్టించే టెరాహెర్ట్జ్ తరంగాల పల్సులదే. మొదటి పల్సు ఎలక్ట్రాన్లను కదుపుతుంది. రెండోది కాస్త ఆగి వచ్చి, మొన దగ్గర దాదాపు పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లో వంతు సేపు వోల్టేజీ పెడుతుంది. రెంటి మధ్య ఎడం మారుస్తూ సగటు కరెంటు కొలవాలి. ఆ ఎడం మార్చే అద్దాల బల్ల (డిలే స్టేజి) 15 మైక్రాన్లు జరిగితే కాంతి 30 మైక్రాన్లు ఎక్కువ నడుస్తుంది, అంటే 0.1 పికోసెకను.

సెకనుకు వెయ్యి పల్సుల లేజరు దొరికిందని మురిసిపోకు. పల్సుకు ఒక్క ఎలక్ట్రాన్ దూకిందనుకో, సెకనుకు 10 లక్షల పల్సులకు 0.16 పికోఆంపియర్లు. ఒకే లయలో వచ్చే చిన్న సిగ్నల్‌ను ఏరే లాక్-ఇన్ యాంప్లిఫయర్ దాన్ని పట్టుకుంటుంది. వెయ్యి పల్సులకైతే నాయిస్‌లో కలిసిపోతుంది.

సూదికి 0.25 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ తీగ, 2 మోలార్ కాస్టిక్ సోడా ద్రావణం చాలు. తీగను అందులో ముంచి కరెంటు పంపితే అది అరిగి సన్నబడి తెగుతుంది. కింది ముక్క తెగిపడిన మరుక్షణం కరెంటు ఆగకపోతే మొన మొద్దుబారుతుంది. చేత్తో స్విచ్ ఆపుతానంటే కుదరదు, కటాఫ్ సర్క్యూట్ పెట్టు. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వాక్యూమ్‌లో వేడిచేసి ఆక్సైడు వదిలించు. బంగారం (111) తలం మీద ఒక్క పరమాణు పొర ఎత్తున్న మెట్టు 0.235 నానోమీటర్లు చూపించాలి. చూపించకపోతే మొనను కదిపే పియెజో కాలిబ్రేషన్ సరిచేసుకో.

ఇక మన గాలి. డబ్బా మూత తీస్తే అప్పడాలు మెత్తబడిపోయే ఊళ్లు మనవి. నీటి ఆవిరి టెరాహెర్ట్జ్‌ను మింగి, పల్సు వెనక వణుకుల తోక మిగులుస్తుంది. అది చూసి ఎలక్ట్రాన్లే ఊగుతున్నాయనుకునేవు! పల్సు నడిచే దారంతా పెట్టెలో మూసి నైట్రోజన్ వదులు, లోపల తేమ మీటరు ఉంచు.

అన్నిటికంటే పెద్ద మాయ వేడిది. చాపర్ (పల్సుల దారిలో తిరిగే రెక్కల చక్రం) పల్సులను ఆపి వదులుతుంటే మొన వేడెక్కి సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది. మొనకీ లోహానికీ దూరం 0.1 నానోమీటరు తగ్గితే కరెంటు సుమారు పదింతలవుతుంది కదా, మొన 10 పికోమీటర్లు సాగినా పాతిక శాతం పెరిగినట్టే. అందుకని యాంప్లిఫయర్ పరిధి దాటకుండా చాపర్ వేగం పెంచు. సిగ్నల్ పడిపోయిందా, వేడేనని అనుమానించు. పల్సు ధ్రువత తిప్పి చూడు. ఎలక్ట్రాన్లకు దిక్కు తెలుసు, వేడికి తెలీదు. ఆ తర్వాత మొనను 1 నానోమీటరు వెనక్కి లాగు. అప్పటికీ సిగ్నల్ ఉంటే అది టన్నెలింగ్ కాదు, వెళ్లి కేబుళ్లు చూసుకో.

మైక్రోస్కోపును చల్లబరిచే హీలియం తెప్పించేలోగా ఈ మూడు పరీక్షలూ (చాపర్ వేగం, ధ్రువత, వెనక్కి లాగడం) బంగారం మీదే చేసి, నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపు.

మీ మావయ్య